నాట్ల దినాలల్ల చెవి మిషన్ మాటిమాటికి ఆగుతుంది

పరకాల పోరడు:
అమ్మది చెవెనక పెట్టే మిషన్, 675 బ్యాటరీ. పొద్దంత పొలంల ఉంటది, మధ్యాహ్నానికి మిషన్ బంద్. బ్యాటరీ తీసి పెడితె కొద్దిసేపు పలికి మళ్ల ఆగుతది. ఇంట్ల ఉన్నప్పుడేమో కుయ్యిమని మోత. షాపాయన కొత్తది తీస్కోమంటున్నడు. నిజంగ ఖరాబైందా?

కాజీపేట అన్న:
తొందరపడకు తమ్మీ. మిషన్‌కు, మౌల్డ్‌కు (చెవిల కూసునే అచ్చు) నడుమ ఉండే తెల్ల ట్యూబును వెలుగుకు పెట్టి చూడు. లోపల చెమట బొట్టు ఒక్కటి అడ్డం పడ్డా శబ్దం ఆగిపోతది. ట్యూబు, మౌల్డ్ కలిపి మిషన్ నుంచి ఊడదీసి, గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడుగు. రబ్బరు బుంగతో గాలి కొట్టి, రాత్రంత ఆరినంకనే తగిలియ్యి. నోటితో ఊదకు, ఊపిరిల తేమ ఉంటది. మిషన్‌కు మాత్రం నీళ్లు తగలొద్దు, ఎండల పెట్టొద్దు. రాత్రి బ్యాటరీ తీసి, దాని తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న గట్టి మూత డబ్బాల పెట్టు. నీలం గుళికలు గులాబి రంగుకు వచ్చినయంటే వాటి పని అయిపోయినట్టే. బియ్యంల పెట్టుమని ఎవరన్నా చెప్తరు, వినకు. పిండిదుమ్ము మైకు రంధ్రాలల్లకు పోతది.

హన్మకొండ అక్క:
బ్యాటరీ సంగతి వేరే. అది జింక్-ఎయిర్, పైనున్న సన్న రంధ్రాలల్లకెళ్లి గాలి పీలిస్తేనే పనిచేస్తది. చెమట వాటిని మూస్తే కరెంటు రాదు. తీసి పెట్టంగనే పలికేది అందుకే కావచ్చు. పొడిగుడ్డతో తుడవాలె. కొత్తదానికి నీలం స్టిక్కర్ తీసినంక ఒక నిమిషమన్నా ఆగి తలుపు మూయాలె. స్టిక్కర్ మళ్ల అంటించి దాచుకుందామంటే కుదరదు. చెమటకు గుడ్డ తొడుగు మంచిది, ప్లాస్టిక్ కవర్ వేస్తే గాలే ఆడదు.
ఇగ మోత: మిషన్ నడుస్తుండంగ చెవిల నుంచి తీసి, మౌల్డ్ రంధ్రానికి వేలు అడ్డం పెట్టు. ఆగకపోతే ట్యూబు ఊడదీసి కొక్కెం (మిషన్‌కు చెవి మీద ఆనే వంపు) కొసను మూయి. ఇప్పుడాగితే ట్యూబు పగిలినట్టు, మార్పిస్తే చాలు. అప్పుడూ ఆగకపోతే కొక్కెంలనో మిషన్ లోపల్నో లీకు, సర్వీసుకియ్యాలె.

పరకాల పోరడు:
మౌల్డ్‌కు వేలు పెట్టంగనే ఆగింది అక్కా.

హన్మకొండ అక్క:
అయితే లీకు మౌల్డ్‌కు, చెవికి నడుమ. సౌండ్ తగ్గిస్తే మోత ఆగుతది గని అమ్మకు మాట వినపడదు. ముందు వరంగల్ ఎంజీఎం దవాఖానల ఈఎన్‌టీ డాక్టరుకు చూపియ్యి, గులిమి నిండినా ఇట్లనే మోగుతది. నూనె పొయ్యకున్రి. గులిమి తీసినంక కూడ మోగితే కొత్త మౌల్డ్‌కు కొలత ఇయ్యాలె. గులిమి ఉండంగ కొలత తీస్తే అదీ సరిగ్గ కూసోదు.