బీటెక్‌తో పాటు ఎంట్రప్రెన్యూర్‌షిప్ మైనర్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎంట్రప్రెన్యూర్‌షిప్‌ను (సొంత వ్యాపారం పెట్టి నడపడం గురించిన చదువు) మైనర్‌గా, అంటే ప్రధాన డిగ్రీతో పాటు చదివే అదనపు విభాగంగా, తీసుకుంటే ప్రధాన సబ్జెక్టులు దెబ్బతింటాయా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: ఏఐసీటీఈ (దేశంలో సాంకేతిక విద్యను పర్యవేక్షించే మండలి) నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం బీటెక్‌కు కావలసిన 160 క్రెడిట్లకు (కోర్సుల బరువును కొలిచే పాయింట్లు) పైన మైనర్ కోసం మరో 18 నుంచి 20 క్రెడిట్లు పూర్తిచేయాలి కాబట్టి, బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) ఉంటే ముందు వాటి సంగతి చూసుకోండి.

జవాబు 2: భారం నిజమే, అయినా తీసుకోమనే చెబుతాను. కొనేవారిని స్వయంగా కలిసి వారి అవసరమేమిటో తెలుసుకోవడం, వస్తువు తయారీకయ్యే ఖర్చును లెక్కగట్టి ధర నిర్ణయించడం, భాగస్వాములతో వాటాల ఒప్పందం రాసుకోవడం వంటివి ఇంజినీరింగ్ విద్యార్థికి ప్రధాన కోర్సుల్లో అరుదుగా దొరుకుతాయి. అయితే ప్రాజెక్టు లేకుండా రాతపరీక్షలతోనే ముగిసే మైనర్ అయితే మాత్రం వద్దు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ప్రాజెక్టుకు ఎన్ని క్రెడిట్లు కేటాయించారో విభాగంలో అడిగి, ఆ తర్వాతే దరఖాస్తు చేస్తాను.