సైకిల్ గుద్ది ఆగి ఉన్న కారుకు సొట్ట పడితే డబ్బు ఎవరు కట్టాలి?

మియాపూర్ అమ్మ:
మా వాడికి పదమూడేళ్లు. ట్యూషన్ నుంచి వస్తూ సందు మలుపులో ఆపిన కారును సైకిల్‌తో గుద్దాడు. వెనక డోరు సొట్టపోయి రంగు లేచింది. కారాయన 18,000 అడుగుతున్నారు. "రోడ్డు మీద ఎవరు పెట్టమన్నారు? ఇన్సూరెన్స్ ఉంటుందిగా" అంటారు మా ఆయన. నాకు మనసొప్పడం లేదు.

కారున్నవాడు:
ఇన్సూరెన్స్ ఉందిగా అనే మాట వింటే ఒళ్లు మండుతుందండీ. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే సొంత కారు రిపేరుకు పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, 1500 సీసీ లోపు కారుకు మొదటి 1,000 రూపాయలు మన జేబులోంచే. ఒక్క క్లెయిమ్ చేశామా, ఐదేళ్లు క్లెయిమ్ చేయకుండా సంపాదించుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే సొంత కారు నష్టానికి కట్టే ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోతుంది. పోయినేడు నాకు అదే జరిగింది, గుద్దినవాళ్లు కనీసం సారీ కూడా చెప్పలేదు. కదలకుండా ఉన్న కారుదా తప్పు?

రోజూ సైకిల్:
అన్నా, మీ బాధ నిజమే. కానీ మలుపులో కారు పెడితే ఎదురొచ్చేది పిల్లాడికి ఎలా కనిపిస్తుంది? ఇతరులకు ప్రమాదమో అడ్డమో అయ్యేలా బండి నిలపకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షనే చెబుతోంది. మొత్తం పిల్లాడి మీద వేయడం అన్యాయం.

సివిల్ లాయర్:
సైకిల్ మోటారు వాహనం కాదు, దానికి బీమా తప్పనిసరీ కాదు. కారాయన నష్టపరిహారం కోరితే సివిల్ కోర్టులో పిల్లాడి నిర్లక్ష్యాన్ని నిరూపించాలి. కారు నిలిపిన చోటు కూడా కారణమని తేలితే ఆ మేరకు సొమ్ము తగ్గుతుంది. కావాలని చేయలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి పోలీసు కేసు నిలవదు. ఇన్సూరెన్స్‌తో అంతా తీరిపోతుందనీ అనుకోకండి: కంపెనీ కారాయనకు డబ్బిచ్చాక, తప్పు చేసినవారి నుంచి దాన్ని రాబట్టుకునే హక్కు దానికుంది.

ఇక తండ్రి సంగతి. కొడుకు పొరపాటు చేసినంత మాత్రాన తండ్రి కట్టాలని చట్టంలో లేదు. తండ్రి నిర్లక్ష్యం కూడా ఉంటే మాత్రం బాధ్యత ఆయన మీదికి వస్తుంది. అమ్మా, సైకిల్ బ్రేకులు బాగున్నాయా?

మియాపూర్ అమ్మ:
వెనక బ్రేకు పట్టడం లేదని వాడు రెండుసార్లు చెప్పాడండీ. ఆదివారం చూద్దాంలే అన్నారు వాళ్ల నాన్న. ఈ మాట ఆయనకు చదివి వినిపించాను. రేపు కారాయనతో పాటు షెడ్డుకు వెళ్లి ఎంతవుతుందో కనుక్కుంటామన్నారు. మలుపు సంగతి కూడా అక్కడే మాట్లాడతాం.