ఉగాది కార్యక్రమం: రోడ్రిగ్స్ ప్రయాణం టైం లెక్క

వాలంటీర్లందరికీ నమస్కారం. నిన్న అందరికీ వెళ్లిన షెడ్యూల్‌లో విమాన ప్రయాణం 45 నిమిషాలని వేశారు. అది మారిషస్ నుంచి రీయూనియన్‌కు పట్టే టైం. రీయూనియన్ దీవి పడమటి వైపు 230 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మనం వెళ్లేది తూర్పున ఉన్న, మారిషస్‌కే చెందిన రోడ్రిగ్స్ దీవికి. మారిషస్‌లోని ప్లెజాన్స్ ఎయిర్‌పోర్టు నుంచి అక్కడి ప్లేన్ కోరాయ్ ఎయిర్‌పోర్టు దాకా దాదాపు 600 కిలోమీటర్లు, మధ్యలో అంతా సముద్రమే. హైదరాబాద్ నుంచి విశాఖకు రోడ్డు మీద ఎంత దూరమో ఇంచుమించు అంత.

అక్కడ ఇప్పుడున్న రన్‌వే పొట్టిది, పెద్ద జెట్లు దిగవు. వెళ్లేది ప్రొపెల్లర్లున్న ఏటీఆర్ అనే చిన్న విమానం. గంటకు 500 కిలోమీటర్ల వేగం ఉన్నా, పైకి లేవడం, దిగడం కలుపుకుంటే గంటన్నర అనుకోవాలి. పోర్ట్ లూయీ నుంచి ప్లెజాన్స్‌కు గంట, చెక్-ఇన్‌కు రెండు గంటలు, దిగాక రోడ్రిగ్స్‌లోని ముఖ్య పట్టణం పోర్ట్ మాథురిన్‌కు ఇంకో అరగంట. ఇంటి గుమ్మం నుంచి హాలు దాకా ఐదు గంటలకు తక్కువ వేసుకోవద్దు.

సాంస్కృతిక బృందం: అన్నా, పిల్లలకు శుక్రవారం స్కూలుంది. శనివారం పొద్దున బయల్దేరితే సాయంత్రం ప్రోగ్రాంకు అందుకోలేమా?

రవాణా: అన్నీ సవ్యంగా జరిగితే అందుకుంటామక్కా. కానీ ఉగాది వచ్చేది తుపానుల సీజన్‌లోనే. 2019 మార్చిలో జోవనిన్హా తుపాను రోడ్రిగ్స్ పక్క నుంచి పోయినప్పుడు విమానాలు ఆగిపోయాయి. అంత పెద్దది రాకపోయినా, ఒక్క ఫ్లైట్ రద్దయితే ఆ చిన్న విమానంలో మనవాళ్లందరికీ మళ్లీ సీట్లు దొరకడం కష్టం. నెలల తరబడి ప్రాక్టీస్ చేసిన పిల్లలు ఎయిర్‌పోర్టులో కూర్చుని ఏడవకూడదు. స్కూలుకు లెటర్ నేనే రాసిస్తాను, శుక్రవారం వెళ్దాం.

వేదిక బృందం: స్పీకర్లు, హార్మోనియం, డప్పులు కూడా మనతోనేనా?

రవాణా: వద్దు. ఏటీఆర్‌లో లగేజీకి చోటు తక్కువ. పోర్ట్ లూయీ నుంచి ఓడలో ముందు వారమే పంపిద్దాం. ఓడకు ఒకటిన్నర రోజు పడుతుంది. పిల్లల డ్రెస్సులు మాత్రం చేతి సంచుల్లోనే ఉండాలి.

ఇంకో మాట. రెండు ద్వీపాల్లోనూ గడియారం ఒకటే, కానీ రోడ్రిగ్స్ తూర్పున ఉంది కాబట్టి అక్కడ 20 నిమిషాలు ముందే చీకటి పడుతుంది. ఆరుబయట పెట్టే కోలాటం ఆ మేరకు ముందే మొదలుపెట్టండి. ఇండియా నుంచి వచ్చే అతిథులు వాచీ గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి, పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోవాలి.

సాంస్కృతిక బృందం: సరే అన్నా, శుక్రవారమే. కోలాటం ఐదింటికి మారుస్తున్నాను. తల్లిదండ్రులకు ఇవాళే ఫోన్ చేస్తాను.

రవాణా: మంచిదక్కా. ఆదివారంలోగా పేర్లు, పుట్టిన తేదీలు పంపితే సోమవారం పొద్దున్నే టికెట్లు తీస్తాను.