రేబిస్‌తో బర్రె చనిపోయింది, గబ్బిలాల చెట్టు కొట్టేస్తామంటున్నారు. సలహా చెప్పండి

పరకాల రైతు:
మా పక్కింటివాళ్ల పాడిబర్రె మేత ముట్టడం మానేసింది. నోటి వెంట చొంగ, బొంగురుపోయిన గొంతుతో ఆగకుండా అరుపులు. తరువాత వెనక కాళ్లు పడిపోయి చనిపోయింది. డాక్టరు గారు రేబిస్ లక్షణాలే అన్నారు. ఈలోగా ఆవు మెడ మీద వాలి రక్తం తాగుతున్న గబ్బిలం వీడియో ఒకటి ఊరందరి ఫోన్లలోకి వచ్చింది. చెరువుగట్టు మీది చింతచెట్టు నిండా గబ్బిలాలే. పొగబెడదామని కొందరు, చెట్టే కొట్టేద్దామని కొందరు అంటున్నారు. నిజంగా వాటి వల్లనే వచ్చిందా? గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని ఆ ఇంటాయన బర్రె నోట్లో చెయ్యి పెట్టి చూశాడు. వాళ్ల పాలు మేమూ తాగాం.

విశ్రాంత పశువైద్య సహాయకుడు, నర్సంపేట:
తమ్ముడూ, చెట్టు సంగతి తరువాత. నోట్లో చెయ్యి పెట్టినాయనను ఈ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లు. రేబిస్ వచ్చిన పశువుకు గొంతు కండరాలు చచ్చుబడి మింగలేకపోతుంది. చూసేవాళ్లకు సొప్పబెండు అడ్డుపడినట్టే ఉంటుంది, అందుకే చెయ్యి పెడతారు. పొలం పని చేసే చేతికి గీతలు, పగుళ్లు లేకుండా ఉంటాయా? చొంగలోని వైరస్‌కు ఆ పగులు చాలు. రోజులు గడిచాయని వదిలెయ్యొద్దు, లక్షణాలు రాకముందు ఎప్పుడు మొదలుపెట్టినా టీకా పనికొస్తుంది. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0 (మొదటి టీకా పడిన రోజు), 3, 7, 28 రోజుల్లో వేస్తారు. ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే తయారు ప్రతిరక్షకాల మందు) కూడా అవసరమా అన్నది డాక్టరు చూసి చెబుతారు. దగ్గర్లో దొరక్కపోతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లండి. మరిగించిన పాలు తాగినవాళ్లకు భయం లేదు. పచ్చిపాలు తాగినవాళ్లుంటే వాళ్లు కూడా డాక్టరుకు చెప్పాలి.

ఇక గబ్బిలాలు. రక్తం తాగే జాతులు ప్రపంచం మొత్తం మీద మూడే. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉంటాయి, మన దేశంలో ఒక్కటీ లేదు. మీ చింతచెట్టుకు పగలంతా వేలాడే పెద్దవి పండ్లు, పూలతేనె తినేవి. మన పశువులకు రేబిస్ తెచ్చేది ముఖ్యంగా కుక్కకాటు, అప్పుడప్పుడు నక్క, ముంగిస. కరిచిన కొన్ని వారాలకు, ఒక్కోసారి నెలలకు గానీ బయటపడదు కాబట్టి కాటు సంగతి ఇంట్లోవాళ్లు మరిచిపోతారు. బర్రెను మేపేవాళ్లను అడిగి చూడు.

మామునూరు పశువైద్య విద్యార్థిని:
సార్ చెప్పింది నిజం. ఆ వీడియో ఏ దేశానిదో గానీ, రక్తం తాగే గబ్బిలాలున్న చోట్ల ఆ బాధ చాలా పెద్దది. 1920ల చివర్లో దక్షిణ అమెరికా పక్కనున్న ట్రినిడాడ్ దీవిలో పశువులు కాళ్లు పడిపోయి చనిపోతుంటే మొదట విషాహారం అనుకున్నారు. అది గబ్బిలాలు తెచ్చిన రేబిస్ అని 1931 ప్రాంతంలో డాక్టర్ జోసెఫ్ పావన్ తేల్చారు. పెరూలో ఆ వైరస్ కొండలోయల వెంట ఏడాదికి 10 నుంచి 20 కిలోమీటర్ల చొప్పున కొత్త ఊళ్ల పశువుల్లోకి పాకింది. ఆ దేశాల్లో వాటిని తగ్గించాలని ఒక గబ్బిలాన్ని పట్టి వీపుకు విషపు లేపనం పూసి వదిలేవారు, దాన్ని నాకిన తోటి గబ్బిలాలు చచ్చేవి. అలా ఏళ్ల తరబడి చంపినా జబ్బు పోలేదు. మిగిలినవి చెదిరి కొత్త తావులకు వెళ్తే వైరస్ కూడా వాటితో వెళ్తుంది. అక్కడ కూడా పశువులను కాపాడుతున్నది టీకాయే. రక్తం తాగే గబ్బిలాలున్న చోటే చంపడం ఫలించలేదు, మన దగ్గర పండ్లు తినేవాటికి పొగబెట్టి ఏం సాధిస్తాం? దయచేసి ఆ చెట్టును కాపాడండి. నేల మీద పడిన గబ్బిలాన్ని మాత్రం వట్టి చేత్తో ముట్టుకోవద్దు. కరిస్తే సబ్బునీళ్లతో కడిగి టీకాకు వెళ్లాల్సిందే.

పరకాల రైతు:
అన్నా, ఆయనకు మొదటి టీకా పడింది. పశువుల కాపరిని అడిగాం. ఊరి చివర ఒక కుక్క ఆ బర్రెను మూతి మీద కరిచిందట. నిన్న అలాంటి కుక్కే ఇంకో ఇంటి రెండు దూడలను కరిచింది.

విశ్రాంత పశువైద్య సహాయకుడు, నర్సంపేట:
ఆ దూడలను బతికించుకోవచ్చు తమ్ముడూ, ఆలస్యం చెయ్యొద్దు. కాటును పావుగంట సేపు ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో కడగండి. కడిగేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోవాలి. పసుపు, సున్నం పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. పశువులకు కాటు తరువాత టీకా 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. ఒక్కటి కూడా తప్పకూడదు. వాటిని కొట్టంలో విడిగా కట్టేసి పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆ కుక్క ఇంకెవరిని, ఏ పశువులను కరిచిందో ఇంటింటికీ అడగండి. చెట్టు కొట్టడానికి పోగైన మనుషులనే వెంట తీసుకెళ్లు.