సైలర్ మూన్ కంటే పాతవి ఏం చూడాలి?

నెలవంక: సైలర్ మూన్ (1992) అయిపోయింది. ఇంకా వెనక్కి, ఎనభైల నాటి చేతిరంగుల మ్యాజికల్ గర్ల్ ఆనిమేలు (మంత్రశక్తులున్న అమ్మాయిల జపనీస్ కార్టూన్లు) కావాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు? మరీ చిన్నపిల్లలవి వద్దండీ, ఇంట్లో ఇప్పటికే నవ్వుతున్నారు.

పాతరీలు: కళ్లు మూసుకుని ‘క్రీమీ మామి’ పెట్టండి. 1983, స్టూడియో పియెరో, 52 ఎపిసోడ్లు. పదేళ్ల యూకి ఏడాది గడువుతో మంత్రదండం దొరుకుతుంది. తిప్పిందంటే పదహారేళ్ల పాప్ సింగర్! స్టేజి పేరు క్రీమీ మామి, అందులో ‘క్రీమీ’ ఏమో అమ్మానాన్నల క్రేప్ షాపు బోర్డు నుంచి కొట్టేసిందే. అసలు మజా యూ స్నేహితుడు తోషియోతో: మామి అంటే పడి చస్తాడు, పక్కనున్న యూని పట్టించుకోడు. పాపం, ఆ పిల్ల తన మీద తనే కుళ్లుకోవాలి. గొంతిచ్చిన తకాకో ఓతా అప్పుడే కొత్తగా వచ్చిన గాయని, పాటలూ ఆవిడవే. అకేమి తకాదా డిజైన్ చేసిన ఆ జుట్టు వంపులు పాజ్ చేసి మరీ చూడండి.

బొమ్మలపిచ్చి: 1982 నాటి ‘మింకీ మోమో’ని వదిలేశారేం? మోమో మంత్రంతో పెద్దయినప్పుడల్లా ఒక్కో ఉద్యోగం. వీటన్నిటికీ అమ్మమ్మ 1966లో తోయెయ్ స్టూడియో తీసిన ‘శాలీ’. మొదటి ఎపిసోడ్లు బ్లాక్ అండ్ వైట్, దాంతో మాత్రం మొదలెట్టకండి.

నెలవంక: సరే, ఆదివారం మామి. పోస్టర్లో పిల్లికూనలున్నాయి, మాట్లాడతాయా?

పాతరీలు: ఆపకుండా. పోజీ, నెగా వాటి పేర్లు.