2 ఎంబీ లీజ్డ్ లైన్: పింగ్ వస్తే సర్క్యూట్ బాగున్నట్టేనా?

డీడీఎఫ్_వరంగల్:
బ్రాంచిలో ఈ1 లీజ్డ్ లైన్ (అద్దెకు తీసుకున్న 2 ఎంబీ సర్క్యూట్), అప్లికేషన్ నత్తనడక. రౌటర్ నుంచి పింగ్ (అవతలికి వెళ్లి తిరిగొచ్చే పరీక్ష ప్యాకెట్లు) కొడితే 5కి 5 వచ్చాయని టికెట్ మూసేస్తారు. లూప్ వేసి (పంపిన సిగ్నల్ మధ్యలోనే మనకు తిరిగొచ్చేలా కలిపి) చూడకుండా మూయడం తప్పని నా వాదన. సిస్కోలో మామూలు పింగ్ అంటే 100 బైట్ల ప్యాకెట్లు అయిదే. లక్ష బిట్లకు ఒకటి చెడే లైన్ అనుకోండి. రానూపోనూ 1,600 బిట్లు, నూటికి ఒకటిన్నర ప్యాకెట్లు పోతాయి. అయిదు పింగుల్లో అదెక్కడ దొరుకుతుంది? అదే 1,500 బైట్లయితే రానూపోనూ 24,000 బిట్లు, నూటికి 21 పోతాయి. వాడేవాళ్లకు తగిలేది ఈ దెబ్బే.

పింగ్_ముందు:
లెక్క సరే, కానీ దానికి మందు లూప్ కాదండీ, పద్ధతిగా కొట్టిన పింగ్. రౌటర్‌లో తప్పుల కౌంటర్లు క్లియర్ చేసి, సైజు 1,500, కౌంట్ 1,000 పెట్టండి. ప్యాటర్న్ ఒకసారి అన్నీ సున్నాలు, ఒకసారి అన్నీ ఒకట్లు. సున్నాలకే ప్యాకెట్లు పోతుంటే ముందు లైన్ కోడింగ్ (బిట్లను తీగ మీద సిగ్నల్‌గా మార్చే పద్ధతి) చూడండి: ఒకవైపు హెచ్‌డీబీ3, రెండోవైపు ఏఎంఐ ఉండొచ్చు. లూప్ వేస్తే బ్రాంచి మొత్తం ఆగిపోతుంది, పగటిపూట ఎవరు ఒప్పుకుంటారు?

డీడీఎఫ్_వరంగల్:
తప్పులున్నాయని పింగ్ చెబుతుంది, ఎక్కడున్నాయో చెప్పదు. రాత్రి డౌన్‌టైమ్ తీసుకోండి. మొదట రౌటర్ పోర్టుకే లూప్: ఆర్‌జే48 ప్లగ్గులో 1వ పిన్ను 4కి, 2వది 5కి. బీఎన్‌సీ కనెక్టర్ అయితే టీఎక్స్ (పంపేది) నుంచి ఆర్‌ఎక్స్‌కి చిన్న కోయాక్స్ ముక్క చాలు. అది శుభ్రంగా ఉంటే మోడెమ్ దగ్గర, తర్వాత ఎక్స్ఛేంజి డీడీఎఫ్‌లో (సర్క్యూట్ల తీగలు కలిపే ఫ్రేములో) మనవైపు తిప్పి, చివరికి అవతలి మోడెమ్‌లో. తప్పులు మొదలైన చోటికీ, అంతకుముందు శుభ్రంగా వచ్చిన చోటికీ మధ్యనే జబ్బు.

సీరియల్_పోర్ట్:
ఈ పనిలో ఎక్కువమంది బోల్తాపడేది పీపీపీ (లింక్ మీద నడిచే ప్రోటోకాల్) దగ్గర. అది తన గుర్తుగా పంపిన మ్యాజిక్ నంబరే తిరిగొస్తే లూప్ అని పట్టేసి లింక్ పైకి రాదు. దాన్ని చూసి కార్డు పోయిందని మార్చేయకండి! ఎన్‌క్యాప్సులేషన్ (ప్యాకెట్లను చుట్టే పద్ధతి) పీపీపీ నుంచి హెచ్‌డీఎల్‌సీకి మార్చండి. లైన్ ప్రోటోకాల్ అప్, పక్కన లూప్డ్ అని కనబడాలి. అప్పుడు సొంత సీరియల్ ఐపీకే పింగ్ కొట్టండి. పోర్టుకి ప్లగ్గు పెట్టినప్పుడు క్లాక్ సోర్స్ (బిట్ల లయ ఎక్కడినుంచి తీసుకోవాలో చెప్పేది) ఇంటర్నల్ చేయాలి, ప్లగ్గు తీశాక మళ్లీ లైన్‌కి మార్చాలి. మరిచిపోతే తెల్లారి నుంచి స్లిప్పులు (క్లాకులు కుదరక బిట్లు జారిపోవడం).

ఈథర్నెట్ మీద ఇచ్చిన లింకుకి మాత్రం ఈ పని వద్దు. స్విచ్ పోర్టుకి లూప్ తగిలిందంటే బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్‌తో అందరూ పడిపోతారు.

పింగ్_ముందు:
క్లాక్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. లూప్‌లో మనం పంపిన క్లాకే మనకు తిరిగొస్తుంది. రెండు చివరల క్లాకులూ వేరైన సర్క్యూట్‌లో ప్రతి లూపూ శుభ్రంగానే వస్తుంది కదా?

డీడీఎఫ్_వరంగల్:
నిజమే, అది లూప్‌కి చిక్కదు. అన్ని లూపులూ శుభ్రంగా వచ్చి, ప్లగ్గు తీశాక పెద్ద పింగులు పోతుంటే రెండు రౌటర్లలో స్లిప్ సెకండ్లు (స్లిప్పులు జరిగిన సెకండ్ల లెక్క) చూడాలి. అందుకే చివరి లూప్ తీశాక మీరు చెప్పిన 1,000 పింగులు కొట్టాకే టికెట్ మూయాలి.