పరుపు మీద పోస్తున్న పిల్లిని ఉంచుకోవాలా, వదిలేయాలా?

గుండు వాళ్ళన్న:
మాది ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. గుండు రెండేళ్ల మగపిల్లి, ఆపరేషన్ చేయించలేదు. నెల రోజులుగా సరిగ్గా మా అమ్మ పరుపు మీదే పోస్తోంది, ఈ వానలకి పరుపు ఆరక ఇల్లంతా అదే కంపు. వచ్చే నెల చెల్లి పురిటికి వస్తోంది. "ఫిషింగ్ హార్బర్‌లో వదిలేసి రా, అక్కడ దానికి తిండికి లోటుండదు" అంటోంది అమ్మ. నాకు మనసొప్పట్లేదు, అలాగని అమ్మ బాధ అబద్ధమూ కాదు. ఏం చేయమంటారు?

గాజువాక కుర్రాడు:
అమ్మగారు చెప్పిందే కరెక్ట్ అన్నా. కడుపుతో ఉన్న మనిషి వస్తుంటే ఇంకా ఆలోచనేంటి? పిల్లి ఎక్కడైనా బతికేస్తుంది.

పెదవాల్తేరు పిన్ని:
బతకదు నాయనా. కంచంలో నెత్తళ్లు పెడితే తిని పడుకున్న పిల్లి అది, హార్బర్‌లో ఉన్నవాటికి ఎవరి జాగా వాటికుంటుంది, కొత్తదాన్ని రానివ్వవు. పైగా పెంచిన జంతువుని ఆకలికి మాడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం.
గుండు వాళ్ళన్నా, ముందు ఒకటి చూడు. తోక లేపి, నిలబడి గోడకో కర్టెన్‌కో చిమ్ముతోందా, వంగి కూర్చుని పోస్తోందా? చిమ్మితే అది మగపిల్లి హద్దు గీసుకోవడం, ఆపరేషన్‌తో చాలావాటికి తగ్గిపోతుంది. కూర్చుని పోస్తే దాని ఇసుక తొట్టి నచ్చకపోవడమో, నొప్పో. ఇంకో మాట, ఫినాయిల్‌తో తుడుస్తున్నారేమో, మానేయండి. అందులో ఫినాల్ ఉంటే పిల్లి లివర్ దాన్ని అరాయించుకోలేదు, కాళ్లకంటింది నాకిందంటే విషమే.

గాజువాక కుర్రాడు:
పిన్ని గారూ, చెప్పడం తేలికే. మా ఇంట్లో ఆపరేషన్ చేయించాక కూడా రెండు నెలలు సోఫా మీద పోసింది. ఉతికింది మా ఆవిడ, నీతులు చెప్పింది మాత్రం నేను. ఇక్కడ కూడా చాకిరీ అమ్మగారిదే కదా, ఆవిడ మాట ఎవరూ అడగరేంటి?

అక్కయ్యపాలెం:
ఆ పాయింట్ నిజమే. కానీ మాది కూడా ఇలాగే పొగరుతో చేస్తోందనుకుని రెండు రోజులు తిట్టాం. మూడో రోజు తొట్టిలో కూర్చుని ముక్కుతోంది, చుక్క రావట్లేదు. మూత్రం దారి మూసుకుపోయింది, ఇంకొక్క రోజు ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టర్. మగపిల్లుల్లో ఇది ఎక్కువట. చుక్కలు చుక్కలుగా పోస్తుంటే తెల్లారేదాకా ఆగకండి.

పెదవాల్తేరు పిన్ని:
చెల్లి సంగతి కూడా చెప్తా. అందరి భయం టాక్సోప్లాస్మోసిస్, అంటే పిల్లుల నుంచి సోకి కడుపులో బిడ్డకి హాని చేయగల జబ్బు. అది వెంట్రుకల వల్ల రాదు, ఆ క్రిమి సోకిన పిల్లి మలం వల్ల వస్తుంది, అది కూడా బయటపడ్డాక ఒకటి నుంచి ఐదు రోజులు గడిస్తేనే అంటుకుంటుంది. తొట్టి రోజూ ఎత్తెయ్యాలి, ఎత్తేది నువ్వే, చెల్లి కాదు. పిల్లికి పచ్చి మాంసం పెట్టొద్దు. ఇంట్లో పిల్లి ఉందని ఆవిడ డాక్టర్‌కి చెప్పండి.

గాజువాక కుర్రాడు:
సరే, హార్బర్ వద్దు. తెలిసినవాళ్లెవరికైనా ఇచ్చెయ్. నా మాట ఇంతే.

గుండు వాళ్ళన్న:
రాత్రి కాపలా కాశాను. తొట్టి బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన ఉంటుంది, ఆ మెషీన్ కొని నెలే అయింది. గుండు వెళ్లి ఇసుక గీకుతోంది, ఇంతలో మెషీన్ స్పిన్‌లోకొచ్చి బాల్కనీ అంతా దడదడలాడింది, ఒక్క గెంతు, తిన్నగా అమ్మ గదిలోకి. వంగి కూర్చునే పోసింది, ధార బాగానే ఉంది, అయినా శనివారం డాక్టర్‌కి చూపించి ఆపరేషన్ సంగతి కూడా అడుగుతా. తొట్టి హాల్లో మూలకి మార్చాను. ఇప్పుడు గొడవ దాని మీద, చుట్టాలొస్తే ఏమనుకుంటారని. చెల్లి వచ్చేదాకా గడువిచ్చింది అమ్మ. పరుపు ఇంకా మేడ మీదే ఉంది.